అద్దానికి అవతలి మాట

ఆ షెడ్డు సంగతి ఎత్తితే మా వీధిలో ఇప్పటికీ గొంతు తగ్గించే మాట్లాడతారు.

టైర్ల దుకాణం వెనక, సందు మలుపులో ఉండేది. రేకుల కప్పు, తుప్పు పట్టిన తలుపు. చీకటి పడ్డాక దాని ముందు నుంచి వెళితే లోపల ఓ మగగొంతు వినబడుతుందని చెప్పుకునేవాళ్లు. అరుపు కాదు. పక్కనే నిలబడి చెవిలో చెప్పినట్టు ఉంటుందట...

"ఆగు..."

ఆగినవాడు మాత్రం ఒక్కడూ లేడు. పాల వ్యాన్ డ్రైవరైతే చెప్పులు అక్కడే వదిలేసి ఉత్త కాళ్లతో ఇంటికొచ్చి పడ్డాడు. మర్నాడు పట్టపగలు కూడా వాటికోసం వెళ్లలేదు. కొత్తవి కొనుక్కున్నాడు.

నేను దెయ్యాల్ని నమ్మను. అలాగని ఆ సందులోంచి రాత్రిపూట వెళ్లేవాణ్ణీ కాదు. నమ్మకపోవడం వేరు, వెళ్లడం వేరు.

ఈ సంగతి నాకు చెప్పింది అద్దాల మేస్త్రి. కార్ల అద్దాలు మార్చడం ఆయన వృత్తి. నా బండి వెనక అద్దం పగిలి ఆయన కొట్లో కూర్చున్న రోజున, మాటల్లో షెడ్డు ప్రస్తావన వచ్చింది. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. చేతిలో పనిముట్టు కింద పెట్టి, "నేను లోపలికి వెళ్లాను" అన్నాడు.

ఇక ఆయన చెప్పినట్టే చెబుతాను.

ఆ షెడ్డులో అన్నదమ్ములిద్దరు కలిసి ఓ కారు కట్టారు. కొన్నది కాదండోయ్, కట్టింది. పాత పత్రికలో ఓ బొమ్మ చూసి, వెనకటి కాలపు రేసు కారుకి నకలు తయారు చేశారు. ఎక్కడో మూలపడ్డ కారు తెచ్చి, దాని ఇంజనూ చక్రాలూ ఉంచుకుని, మీద ఫైబర్‌తో కొత్త ఒళ్లు పోశారు. ఎర్రటి రంగు, రెండే సీట్లు, మనిషి నడుము దాటని ఎత్తు. ఆరేళ్లు పట్టింది. ఆరేళ్ల ఆదివారాలు దానికే పోశారు. అన్న భార్య అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ "నాకో సవతి ఉందండీ, ఎర్రగా ఉంటుంది" అని చెప్పేదట.

చివరికి ముందు అద్దం ఒక్కటే మిగిలింది. అది బిగిస్తూ ఉంటేనే పగిలింది. అదే రాత్రి అన్న నిద్రలో పోయాడు.

తమ్ముడు షెడ్డుకి తాళం వేసి, వదిన ముఖం చూడటం మానేశాడు. అంత్యక్రియలు అయ్యాక ఆ ఇంటి గడప తొక్కింది లేదు. ఇలా మూడేళ్లు గడిచాయి. ఆ మధ్యలోనే షెడ్డుకి ఈ చెడ్డపేరు వచ్చింది.

ఓ రోజు అన్న భార్య మేస్త్రి కొట్టుకొచ్చింది. చేతిలో కారు అద్దం ఆకారానికి కత్తిరించిన అట్ట ఉంది. అన్న కొలతలు తీసి స్వయంగా కత్తిరించుకున్న నమూనా అది. అలాంటి అద్దం బజార్లో దొరకదు, చేయించుకోవలసిందే.

"వచ్చే నెల ఆ షెడ్డు కూల్చేస్తారట మేస్త్రిగారూ. కారు బయటికి తీయాలి. పగిలిన అద్దంతో తీయడం నాకిష్టం లేదు. ఆయన దాన్ని అలా చూడలేరు."

"అమ్మా... ఆ షెడ్డులో ఏదో..."

"విన్నాను. గొంతు అచ్చం మావారిదే అంటున్నారు." ఆవిడ అట్ట అంచు సవరించింది. "నిజమైతే ఎంత బాగుండు."

ఆ మాటకి మేస్త్రి ఇక కాదనలేకపోయాడు.

ఆవిడకి ఆఫీసు వదిలేసరికి ఆరున్నర. అద్దం తయారై వచ్చిన రోజు, ఏడింటికి షెడ్డు దగ్గర కలుద్దామంది. ఆ పనికి ఇద్దరు కావాలి గానీ, తోడు రమ్మంటే మేస్త్రి కొట్లో ఒకడికి కడుపునొప్పి వచ్చింది, ఇంకొకడి అత్తగారికి వచ్చింది. ఆయన ఒక్కడే బయలుదేరాడు. అద్దాన్ని దుప్పట్లో చుట్టి, ఒంటికి ఆనించుకుని ఆ సందులోకి వెళ్లాడు. చలికాలం... ఏడు కాకముందే చీకటి.

తలుపుకి తాళం లేదు.

ఆవిడ ముందే వచ్చిందేమో అనుకున్నాడు. భుజంతో తోశాడు. లోపల దీపం లేదు. తడి సిమెంటు వాసన, పాత రబ్బరు వాసన. ఇంకో అడుగు వేశాడు...

"ఆగు..."

మేస్త్రి ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆపాడు.

మళ్లీ ఆ గొంతే, ఇంకా మెల్లగా...

"లాగు..."

"చేతిలో అద్దం లేకపోతే నేనూ చెప్పులు వదిలేసేవాణ్ణే" అన్నాడు మేస్త్రి నాతో. "మూడు వారాలు పట్టింది ఆ అద్దం చేయించడానికి. కింద పెడితే పగులుతుంది, పరిగెడితే పగులుతుంది. నిలబడ్డాను. ధైర్యం కాదు, గతిలేక."

ఒక చేత్తో అద్దాన్ని ఒడిసిపట్టి, జేబులోంచి టార్చి తీసి వెలిగించాడు. ఎర్రటి కారు. పగిలిన అద్దం. ఆ పగుళ్ల వెనక ముక్కలు ముక్కలుగా ఓ ముఖం... పెదాలు కదులుతున్నాయి.

"ఎ... ఎవరది?"

పెదాలు ఆగాయి. ఆ తర్వాత లోపలి నుంచి జవాబు వచ్చింది.

"మెల్లగా... అద్దం జాగ్రత్త."

దెయ్యానికి అద్దం మీద బెంగెందుకుంటుంది? అప్పుడు మేస్త్రికి పోయిన ప్రాణం తిరిగొచ్చింది. కారు తలుపు తీసుకుని నలభై ఏళ్ల మనిషి ఒకడు దిగాడు. గడ్డం పెరిగిపోయింది. వంగి వచ్చి, అద్దం రెండో పక్క పట్టుకుని, జాగ్రత్తగా బల్ల మీదికి దించాడు. తమ్ముడే.

వదిన అద్దం చేయించిందని విని తల దించుకున్నాడు. మేస్త్రి తిట్టబోయి ఊరుకున్నాడు.

"రోజూ ఇక్కడికొచ్చి ఏం చేస్తున్నావయ్యా? ఊరంతా హడలి చస్తోంది."

తమ్ముడు వెళ్లి లోపలి దీపం వేశాడు. ఇద్దరూ కలిసి పాత అద్దం ఊడదీశారు. కొత్త అద్దం చుట్టూ రబ్బరు తొడిగారు. చేతులకి పని దొరికాక గానీ ఆ మనిషికి నోరు పెగల్లేదు.

ఇక్కడ ఆ పని ఎలా చేస్తారో చెప్పాలి. అద్దానికి తొడిగిన రబ్బరు గాడిలో చుట్టూ ఓ తాడు పెడతారు. ఒకడు బయట నిలబడి అద్దాన్ని అరచేతులతో నొక్కుతాడు. ఇంకొకడు లోపల కూర్చుని తాడు లాగుతాడు. తాడు వచ్చేకొద్దీ రబ్బరు అంచు చట్రం మీదికి ఎక్కుతుంది. అద్దం ఎక్కడ పట్టేస్తోందో బయటివాడి చేతికే తెలుస్తుంది. కాబట్టి అతను చెప్పాలి, లోపలివాడు వినాలి.

"ఆ రోజు అన్నయ్య బయట, నేను లోపల" అన్నాడు తమ్ముడు. "పొద్దున్నే ఇద్దరం పోట్లాడుకున్నాం. మొదట ఎవరు నడపాలని... చిన్నపిల్లల్లాగ. ఆ కోపంతోనే పనిలోకి దిగాం. మూల దగ్గరికి వచ్చేసరికి అన్నయ్య ఏదో అన్నాడు. నాకు లాగు అని వినబడింది. లాగాను. అద్దం ఫట్‌మంది."

"ఆయన ఆగు అన్నాడన్నమాట" అన్నాడు మేస్త్రి.

"అవును. ఆగమంటే లాగుతావా, కావాలనే చేశావురా అన్నాడు. ఆ మాటతో వెళ్లిపోయాడు. అంతే. మళ్లీ నేను చూసింది..."

రబ్బరు మడతని వేలితో నొక్కాడు.

"మా పనిలో ఆగు అనే మాట వాడం బాబూ" అన్నాడు మేస్త్రి. "లాగు, చాలు. ఈ రెండే. అద్దం అవతలి నుంచి ఆగు అంటే లాగు అనే వినబడుతుంది. నాకు పని నేర్పినాయన మొదటి రోజే చెప్పాడు. మీరు ఈ పని వాళ్లు కాదు, మీకెలా తెలుస్తుంది?"

"వినబడొచ్చు. నాకు నిజంగా అలా వినబడిందా అన్నదే నా సందేహం. లేక కోపంలో విననట్టు లాగేశానా అని. మూడేళ్ల నుంచి ఆ సీట్లో కూర్చుని రెండు మాటలూ అనుకుంటున్నాను. ఒక రోజు తప్పు నాది కాదనిపిస్తుంది. ఇంకో రోజు నేనే కావాలని లాగాననిపిస్తుంది. అన్నయ్య అదే అనుకుంటూ పోయాడు మేస్త్రీ."

మేస్త్రి రబ్బరు గాడిలో తాడు పెట్టాడు. తాడు చివర ఆ మనిషి చేతికిచ్చి, "ఎక్కి కూర్చో" అన్నాడు.

తమ్ముడు లోపల, మేస్త్రి బయట. కింది అంచు బాగానే ఎక్కింది. ఎడమ పక్క ఎక్కింది. పై మూల దగ్గరికి వచ్చేసరికి...

"లాగు" అన్నాడు మేస్త్రి.

తాడు కదల్లేదు.

"లాగు బాబూ."

అద్దం వెనక తాడు పట్టుకున్న చేయి గాల్లో ఆగిపోయింది. "ఏమన్నారు? లాగమన్నారా... చాలన్నారా?"

అద్దం సగం లోపల, సగం బయట వేలాడుతోంది. మేస్త్రి అరచేతులు తీస్తే పడుతుంది, ఎక్కువ నొక్కితే పగులుతుంది. ఎన్నిసార్లు అరిచినా లోపలి మనిషి తన చెవుల్ని తాను నమ్మడం లేదు.

"ఆయన లాగు అనే అన్నారు చిన్నా."

తలుపు దగ్గర ఆవిడ. ఎప్పుడొచ్చిందో, ఎంత విన్నదో. సంచీ భుజం మీద అలాగే ఉంది. వచ్చి కారు కిటికీ దగ్గర కూర్చుంది.

"ఇప్పుడు మేస్త్రిగారి సంగతి కాదు నేను చెప్పేది. ఆ రోజు మీ అన్నయ్య. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని తనలో తాను నవ్వుకున్నారు. ఏమిటని అడిగితే, ఆగు అనబోయి నోరు జారి లాగు అన్నానే, పొద్దున్నుంచి లాగు లాగు అని అదే నోటికొచ్చింది, తప్పు నేను చేసి వాణ్ణి తిట్టొచ్చాను అన్నారు."

తమ్ముడు కిటికీ వైపు తల తిప్పాడు.

"నీకు తెలుసనుకున్నాను చిన్నా. తిట్టినందుకు ఆయన మీద కోపంతో మా ఇంటికి రావడం లేదనుకున్నాను. పోయినవాళ్ల మీద అంత పట్టుదలా అని నేనూ పట్టుదలకి పోయాను."

"అయితే... నేను సరిగ్గానే విన్నానా వదినా?"

"సరిగ్గానే విన్నావు."

మేస్త్రికి చేతులు తిమ్మిరెక్కాయి. మెల్లగా ఒకే ఒక్క మాట అన్నాడు. "లాగు."

తాడు వచ్చింది. రబ్బరు అంచు మూల తిరిగి, పై అంచు పొడవునా ఎక్కి, కుడి పక్క దిగింది. అద్దం చట్రంలో కూర్చుంది. "చాలు" అన్నాడు మేస్త్రి.

తాడు మొత్తం ఒళ్లోకి వచ్చేశాక కూడా ఆ మనిషి దిగలేదు. కొత్త అద్దంలోంచి ముఖం ఇప్పుడు ఒక్కటిగా కనబడుతోంది. ఏడుస్తున్నాడు, చిన్నపిల్లాడిలా, దాచుకోకుండా.

"నాతో ఎందుకు చెప్పలేదు అన్నయ్య? ఆ రాత్రే ఒక్క ఫోన్ చేస్తే పోయేది కదా."

"పడుకుని ఉంటావని చేయలేదు. పొద్దున్నే వెళ్లి లేపి చెప్తాను, వాడి ముఖం చూడాలి అన్నారు. అయిదింటికి అలారం పెట్టుకుని పడుకున్నారు."

ఆవిడ కిటికీ అంచు మీద చేయి వేసింది.

"అయిదింటికి మోగింది చిన్నా. ఆయన లేవలేదు. నేనే ఆపాను."