మేడ మీద సహజ సంబరం

“టికెట్టు క్యాన్సిల్ చేశాను. అమ్మ చెయ్యమంది,” అన్నాడు ఉదయ్ భాస్కర్, అద్దంలో చూసి గడ్డం గీసుకుంటూనే.

రోట్లో పెసరపప్పు రుబ్బుతున్న అతని భార్య శ్రీలలిత చెయ్యి ఆగిపోయింది. మధ్యాహ్నం రెండున్నర బండికి ఆమె తెనాలి వెళ్ళాలి. అక్కడ రేపు పొద్దున్నే తన అమ్మకి కంటి ఆపరేషన్. తండ్రి పోయాక కుట్టుమిషన్ తొక్కి తనని చదివించిన అమ్మ... ఆ కళ్ళకి ఇప్పుడు సూది బెజ్జమే కనబడటం లేదు. ఉన్న ఒక్క కూతురూ ఆపరేషన్ గది బయట కూర్చోవాలనుకోవడం కూడా తప్పేనా!

“రేపే కదండీ ఆపరేషన్...”

“మీ అమ్మగారి పక్కింటి బ్యూలాగారు ఆవిడ దగ్గర ఉంటానన్నారుగా. ఎల్లుండి వెళ్దువుగాని. ఇవాళ నువ్వు లేకపోతే చెల్లి ఫంక్షన్ ఎవరు చూస్తారు?”

ఆ ఇంట్లో అది పాత ఆచారం. ఎండాకాలం ఆడపిల్ల పుట్టింటికి వస్తుంది, కోడలు ఇంటిపట్టున ఉండి ఆవిడకీ, ఆవిడ పిల్లలకీ వండి పెడుతుంది. ఆడపడుచు నీహారిక ఉండేది ఏ దూరదేశంలోనో కాదు, ఇదే ఊళ్ళో, యాప్రాల్‌లో! అక్కణ్ణించి చిలకలగూడలోని ఈ ఇంటికి గంట పట్టదు. అయినా ఏటా నెల్లాళ్ళకి సరిపడా పెట్టెలు సర్దుకుని దిగుతుంది. అలా పదకొండు వేసవులు గడిచాయి, ఆ పదకొండింటిలోనూ శ్రీలలిత తన పుట్టింటి గడప తొక్కలేదు. ఈ ఏడు నీహారికకి కొత్త పిచ్చి పట్టుకుంది, ప్రకృతి జీవనం. తన గ్రూపులోని తల్లుల్నీ పిల్లల్నీ పిలిచి, అన్నగారి మేడ మీద ‘సహజ వేసవి సంబరం’ పెట్టింది. గ్యాస్ వాడకూడదు, మిక్సీ తిప్పకూడదు, ఫ్రిజ్ తెరవకూడదు, పంచదార ఇంట్లోనే కనబడకూడదు. ఈ నియమాలన్నీ ఫోన్లో అందంగా రాసి అందరికీ పంపింది. తను పని ముట్టుకోకూడదన్న నియమం ఒక్కటే రాయలేదు గానీ, నిష్ఠగా పాటించింది మాత్రం దాన్నే.

పన్నెండు గంటలకి మేడ మీద తాటాకుల పందిరి కింద పిల్లలు ముంజలు తింటూ కేరింతలు కొడుతున్నారు. తల్లులు సబ్జా నీళ్ళు తాగుతూ ఫొటోలు తీసుకుంటున్నారు. పందిరి అవతల, మే నెల ఎండలో, ఇటుకల పొయ్యి ముందు కూర్చుని శ్రీలలిత రాగిసంకటి కెలుకుతోంది. ఆ పొగలో ఏడిస్తే ఎవరికీ తెలియదు... ఆ రోజుకి అదొక్కటే ఆమెకి దొరికిన సుఖం.

“మొహం అలా వేలాడేసుకుంటే వచ్చినవాళ్ళేమనుకుంటారు?” వెనకనుంచి అత్తగారు లీలాకుమారి గొంతు చురుక్కుమంది. “ఏదో పీకలమీదికి వచ్చినట్టు. శుక్లాల ఆపరేషన్ ఇప్పుడు ఎవరికి అవటం లేదు?”

ఇంతలో నీహారిక చప్పట్లు కొట్టి అందర్నీ కూర్చోబెట్టింది. “ఫుడ్ ఒక్కటే నేచురల్‌గా ఉంటే చాలదు. అసలైన సహజ జీవితం అమ్మ దగ్గరే ఉంది. ప్రతి ఆడపిల్లా ఎండాకాలం అమ్మ దగ్గర గడిపి తీరాలి. అందుకే నేను ఒక్క ఏడు కూడా మానలేదు,” అంది తియ్యగా.

అందరూ చప్పట్లు కొట్టారు. శ్రీలలిత గరిటెతోనే లేచి నిలబడింది.

“మరి నా సంగతేమిటి నీహారికా? నువ్విక్కడికి వస్తావనే కదా, నేను పదకొండు ఎండాకాలాలుగా మా అమ్మ దగ్గరికి వెళ్ళలేదు. రేపు ఆవిడకి ఆపరేషన్. నీ సంబరం కోసం ఇవాళ నా టికెట్టు క్యాన్సిల్ చేయించేశారు.”

కింద వాటాలో ఉండే ఇష్రత్ నీళ్ళ గ్లాసు కింద పెట్టి, “ఏందమ్మా నీహారికా, గిట్ల చెప్తున్నవ్? మీ వదిన సుత ఒక తల్లి బిడ్డనే గదా,” అంది.

“చూశావా అమ్మా, నా ఫ్రెండ్స్ ముందు ఎలా పరువు తీస్తోందో!” నీహారిక చతికిలబడి ఏడుపు లంకించుకుంది.

లీలాకుమారి విసురుగా ముందుకొచ్చింది. “నువ్వొక్కదానివే పుట్టావా అమ్మ కడుపున? నేను వెళ్ళానా? మా అమ్మ మంచం పట్టిన ఏడు మీ మామయ్యగారి చెల్లెళ్ళు ముగ్గురూ వచ్చి కూర్చున్నారు. వాళ్ళకి వడియాలు పెడుతూ ఉండిపోయాను. కబురొచ్చాక... కబురొచ్చాకే వెళ్ళాను. అయినా నోరెత్తానా?”

“ఎత్తలేదు అత్తయ్యా,” శ్రీలలిత కళ్ళు దించలేదు. “ఎత్తలేదు కనకే ముప్ఫై ఏళ్ళ తరవాత కూడా ఆ మాట దగ్గర మీ గొంతు పూడుకుపోతోంది. నాకు ఆ గతి పట్టించకండి.”

లీలాకుమారి చెయ్యెత్తింది. కొడుతుందనుకున్నారంతా. ఆవిడ కోడలి చేతిలో గరిటె లాక్కుని, కూతురి ఒళ్ళోకి విసిరింది.

“లే. వడ్డించు.”

“నాకు పొగ పడదమ్మా...”

“మీ వదినకి పడిందటే? లేవమన్నానా!” తరవాత మెట్ల దగ్గర నిలబడ్డ కొడుకు వైపు తిరిగింది. “నేను చెయ్యమంటే చేశావు కదా, ఇప్పుడూ నేనే చెబుతున్నాను. బండి తియ్యి. జనరల్ పెట్టెలో జాగా దొరికేదాకా స్టేషన్లోంచి కదలకు.”

శ్రీలలిత వంగి కాళ్ళకి దండం పెట్టబోయింది. లీలాకుమారి చటుక్కున వెనక్కి జరిగింది. ఆవిడ మొహంలో ప్రేమ లేదు, కోపమే ఉంది. అది ఆనాడు నోరెత్తకుండా ఉండిపోయిన ఆవిడ మీద ఆవిడకేనని శ్రీలలితకి ఇప్పుడు తెలుసు.

“ముందు మొహం కడుక్కో,” అంది ఆవిడ అటు తిరిగి. “కబురొచ్చాక వెళ్ళేదానిలా వెళ్ళకు.”