గురువారం సంతకం

"ఏంటలా నిలబడ్డారు? వచ్చి పడుకోండి" అంది సారిక, ఇంగ్లీషులో.

న్యూ లిన్ రైల్వే స్టేషన్‌కి ఎదురుగా ఉన్న ప్రైవేటు కాలేజీలో ఆమె కేర్‌గివర్లకు పాఠం చెబుతుంది. మంచం మీది మనిషిని నొప్పి కలగకుండా పక్కకి ఎలా తిప్పాలో ఆ రోజు చూపించాలి. పాఠానికి వాడే రోగి బొమ్మ చెయ్యి ఊడి రిపేరుకి వెళ్లింది. సరిగ్గా అప్పుడే వానకి తడిసిన గొడుగుతో గుమ్మంలో ఒక కుర్రాడు కనిపించాడు. కొత్త స్టూడెంట్ అనుకుంది.

"అయ్యో దేవా! బూట్లు విప్పాలా?" అని అతను తెలుగులో గొణిగాడు.

"విప్పాలి" అంది సారిక, అదే భాషలో. "రోగి మాట్లాడకూడదు."

క్లాసంతా నవ్వింది. అతన్ని రెండుసార్లు కుడికి, ఒకసారి ఎడమకి తిప్పాక ప్రిన్సిపాల్ లోపలికొచ్చి, "ఈయన రెజినాల్డ్. లా ఆఫీసు నుంచి వచ్చారు. మన స్టాఫ్ కాగితాలు చట్టప్రకారం ఉన్నాయో లేదో రెండు వారాలు చూస్తారు" అంది.

సారిక చేతిలోని దిండు జారిపోయింది.

ఆమె చేరి డెబ్బై రోజులు. ఒప్పందంలో తొంభై రోజుల ట్రయల్ ఉంది. ఈలోగా నోటీసిచ్చి పంపేస్తే అన్యాయమని కేసు వేయడానికి వీల్లేదు. ఒకప్పుడు చిన్న సంస్థలకే ఉన్న ఈ వెసులుబాటు ఇప్పుడు అందరికీ వచ్చింది. కాలేజీలో స్టూడెంట్లు తగ్గారు. ట్రయల్‌లో ఉన్న ముగ్గురిలో ఇద్దర్ని ఇప్పటికే పంపేశారు. ఈ ఉద్యోగం నిలబడితేనే ఆమె ఈ పరాయి దేశంలో ఉండిపోయేందుకు రెసిడెన్సీకి అప్లై చేయగలదు.

మిగిలిన ఒక్కదాన్నీ పంపడానికే ఇతను వచ్చాడనుకుంది.

మర్నాడు స్టాఫ్ రూములో రెజినాల్డ్ హీటర్‌ని ఆమె తడిసిన కాళ్ల వైపు జరిపాడు. ఎందుకు జరిపాడు? మంచి చేసుకుని ఏదో లాగడానికే!

"ఒక మాట అడగొచ్చాండీ? మీరు చేరిన సోమవారమే మొదటి క్లాసు చెప్పారు. ఒప్పందం మీద సంతకం మాత్రం గురువారం తేదీతో ఉంది."

వచ్చింది అసలు సంగతి. సారిక కాళ్లు హీటర్‌కి దూరంగా లాక్కుంది.

"మా ఇంట్లో ఏ కాగితమైనా బైబిల్లో పెట్టి, బుధవారం ప్రార్థన అయ్యాకే సంతకం పెడతాం. అందుకని..."

"ఓ!" అని అతను రాసుకున్నాడు. రాసుకుంటూ నవ్వాడు కూడా. ఆ నవ్వు చూసి ఆమెకి ఒళ్లు మండింది.

రెండో వారం మంగళవారం ప్రిన్సిపాల్ పిలిచి కొత్త కాపీ ముందుపెట్టింది. "పాతదాంట్లో తేదీ గందరగోళంగా ఉంది. దీనిమీద నువ్వు చేరడానికి ముందు ఆదివారం తేదీ వేసి సంతకం పెట్టు. అంతే."

తప్పు దిద్దుకునే అవకాశం వచ్చిందని సారిక గబగబా పెన్ను తీసింది.

"మేడమ్, సంతకానికి ముందు బయట ఎవరికైనా చూపించుకునే టైమ్ ఇవ్వాలి" అన్నాడు మూలన కూర్చున్న రెజినాల్డ్. "అది చట్టం."

వరండాలోకి రాగానే సారిక అతన్ని పట్టుకుంది.

"ఉన్న ఒక్క తప్పూ దిద్దుకోనివ్వరా? మీకు నేనేం చేశాను? బూట్లు విప్పించాననా?"

"నేను కాలేజీ తరఫు మనిషినండీ. మీకు సలహా చెప్పకూడదు." అతను గొంతు తగ్గించాడు. "మీ బైబిల్లో ఇంకో కాగితానికి చోటుందా?"

బుధవారం పాపకూర శివారులో, తనుండే రెబెక్కా అక్క ఇంట్లో ప్రార్థన అయ్యాక సారిక కాగితం తీసింది. అక్క నర్సు, ఆసుపత్రి యూనియన్‌లో తిరిగిన మనిషి. కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది.

"పిచ్చిదానా! పనిలోకి దిగకముందే సంతకం అయ్యుంటేనే ట్రయల్ చెల్లుతుంది. నువ్వు మూడు రోజులు పాఠం చెప్పాక పెట్టావ్. నీకసలు ట్రయలే లేదే!"

"మరి ఈ ఆదివారం తేదీ?"

"లేనిదాన్ని తెచ్చి నీ నెత్తిన పెట్టడానికి. ఇంతకీ టైమ్ ఇవ్వాలని చెప్పిందెవరు?"

"ఆ లా ఆఫీసు కుర్రాడే" అంది సారిక. ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

గురువారం సారిక ఆ కాగితాన్ని ప్రిన్సిపాల్ బల్ల మీద పెట్టింది. "ఆదివారం నేను సంతకం పెట్టలేదు మేడమ్. పెట్టానని రాయలేను."

ప్రిన్సిపాల్ రెజినాల్డ్ వైపు చూసింది.

"నా రిపోర్టులోనూ అదే రాశాను మేడమ్. ఈమెకి ట్రయల్ వర్తించదు. ఆ పేరుతో పంపితే చిక్కు కాలేజీకే."

ప్రిన్సిపాల్ కాగితాన్ని సొరుగులోకి తోసి, "నీకు క్లాసు టైమవుతోంది, సారికా" అంది. ఉద్యోగం ఉందన్నమాట!

శుక్రవారం సాయంత్రం స్టేషన్‌లో మళ్లీ వాన. పక్కన రెజినాల్డ్ గొడుగు విచ్చుకుంది.

"ఇవాళ్టితో ఆ కాలేజీలో నా పని అయిపోయింది. అందుకే ఇప్పుడు అడుగుతున్నా. శాండ్రింగ్‌హామ్‌లో మనవాళ్ల హోటలుంది, దోసె తిందామా?"

"ఎందుకు?" సారిక కళ్లు చికిలించింది.

"ఇంకా అనుమానమేనా?"

"అలవాటైపోయింది."

"మొదటిరోజు మీరు నన్నటూ ఇటూ తిప్పారు కదా. అప్పట్నుంచి నేను తిన్నగా లేను. మీరంటే ఇష్టం."

"అలాగైతే రాసివ్వండి."

అతను నిజంగానే నోట్‌బుక్కులో కాగితం చింపి రాశాడు. సంతకం పెట్టి తేదీ వేశాడు. ఆమె తేదీ సరిచూసుకుంది.

"జవాబు?"

"బుధవారం ప్రార్థన అయ్యాక. మా అక్క మిమ్మల్ని చూడాలంటోంది. ఏడింటికల్లా రండి, అన్నం అక్కడే."

రైలు కదిలాక సారిక సంచిలోంచి చిన్న బైబిలు తీసింది. కాగితం లోపల పెట్టబోయి ఆగింది. పెన్ను తీసి అతని సంతకం కింద తన సంతకం పెట్టింది.

పక్కనే శుక్రవారం తేదీ వేసింది.