దొంగిలించిన జోలపాట

అసురసంధ్య వేళ... పడమటి ఆకాశం నెత్తుటి ముద్దలా గడ్డకట్టింది. ఎక్కడో గుడ్లగూబ వికృతంగా కూసింది. ఫెళఫెళమన్న ఉరుముకు పాడుబడ్డ నూలుమిల్లు గోడలు కంపించాయి!

లోపల కపాలం ముందు కూర్చున్నాడు మాంత్రికుడు. ఎదుట జుట్టు విరబోసుకుని ఊగిపోతోంది ఓ చిన్నపిల్ల. వాడి పెదవుల మీద... జోలపాట! చివరి అక్షరం నుంచి మొదటికి, తలకిందులుగా!

గుమ్మంలో నిలబడ్డ యువకుడు పాటను గుర్తుపట్టాడు. ఆ పాటను వాడి చేతికిచ్చింది తనే!

పాత పాటలు పోగుచేస్తూ ఊరూరా తిరిగేవాడతను. కిందటి నెల, నేతపని చేసే ఓ ముసలమ్మ ఇంట్లో బస చేశాడు. "మనవరాలికి పాడే ఈ జోల మాత్రం రికార్డు చెయ్యకు నాయనా. మా వంశాన్ని పట్టిన ఓ పిశాచాన్ని తరతరాలుగా నిద్రపుచ్చుతున్న పాట. మా గడప దాటకూడదు" అందామె. సరేనని తలూపాడు. తువ్వాలు కింద రికార్డర్ నొక్కాడు. తిరుగు ప్రయాణంలో, రైల్లో ఎదురు సీటాయన ముచ్చటపడితే, గొప్పకు పోయి ఆ పాట ఫోన్‌లోకి పంపాడు. ఆ పెద్దమనిషే వీడు!

తప్పు చేశానన్న బాధ కుదురుగా ఉండనివ్వక, ఈ రోజు క్షమాపణ అడగడానికి ముసలమ్మ ఇంటికి వచ్చాడు. అప్పటికే ఆమె మనవరాలు నిద్రలో నడిచినట్టు మిల్లు వైపు వెళ్లిపోయింది. పిల్ల వెనకే ముసలమ్మా అతనూ ఇక్కడికి పరిగెత్తుకొచ్చారు.

"ముసలీ! పాట నా గుప్పిట్లో ఉంది! పిశాచం నాది! పిల్లా నాదే!" మాంత్రికుడు వికటాట్టహాసం చేశాడు.

"నీ గుప్పిట్లో ఉన్నవి ఉత్త మాటలురా!" ముసలమ్మ గొంతెత్తింది. ఒక్క గొంతు... మరుక్షణం పది... వంద! కనిపించని తల్లులు, ఆ తల్లుల తల్లులు ఏకకంఠమై ప్రళయఝంఝలా మిల్లును కమ్మేశారు! కపాలం పెటిల్లున పగిలింది. పిశాచం పిల్లను విడిచి, తనను లేపినవాడి మీదికే లంఘించింది!

"వద్దు... వద్దూ..!"

పిడికెడు బూడిద మిగిలింది. కానీ అందులోంచి బుసలు... పిశాచం ఇంకా నిద్రపోలేదు!

పిల్ల ఏడుస్తూ వాటేసుకుంది. "అమ్మమ్మా, మన పాట పాడవా?"

ముసలమ్మ నోరు తెరిచింది. మూసింది.

"ఏం పాటే తల్లీ?"

వెళ్లిపోయిన తల్లులతోపాటే ఆమె పాటా వెళ్లిపోయింది!

యువకుడు బూడిద పక్కన కూర్చున్నాడు. లోకంలో ఆ పాట ఇక తనకొక్కడికే వచ్చు. వెక్కుతూనే అందుకున్నాడు... బుసలు మెల్లగా సద్దుమణిగాయి. పిల్ల కళ్లు మూతలుపడ్డాయి.

ముసలమ్మ అతని ముఖంలోకి ఆప్యాయంగా చూసింది.

"ఎంత బాగుందో! ఎవరు నేర్పారు నాయనా?"