వెనక్కి పేలే ఫిరంగి

"రేపు పదకొండింటికి డాక్టర్ కార్తికేయ చావకూడదు. అంతే మిషన్," అన్నాడు మెల్‌బోర్న్ ఏజెన్సీ చీఫ్ చలపతి. "ఆయన కనిపెట్టిన, డ్రోన్లను ఆపేసే జామర్ బయటికి రాకుండా ఒక విదేశీ ముఠా కాచుకుని ఉంది."

ఏజెంట్ మంగతాయారు తలూపింది. మూడు నెలలుగా ఆమె వెర్రిబీ శివారులోని యుద్ధ మ్యూజియంలో వాలంటీర్ వేషంలో ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో పోరాడిన ఒక ఆస్ట్రేలియన్ యాంటీ ట్యాంక్ దళం డైరీలు టైప్ చేస్తోంది. రేపు ఆ దళం చరిత్ర పుస్తకావిష్కరణ. కార్తికేయ ముఖ్య అతిథి.

"సర్, ఆ డైరీల్లో ఒక సంగతి..."

"ఆ పాత చెత్త ఎవడు చదువుతాడండీ! అక్కడ పింకీ ఉంది, మన బెస్ట్ ఏజెంట్. మీరు టీ కప్పులు చూసుకోండి. ప్రమాదమైతే కోడ్, 'టీలో పంచదార తక్కువైంది'."

మర్నాడు పింకీ ఎర్ర సిల్కు గౌనులో దిగింది. ఎండకో కళ్లజోడు, ఫొటోకో కళ్లజోడు. ఏప్రన్ కట్టుకున్న మంగతాయారును చూసి పెదవి విరిచింది.

"ఆంటీ, శాండ్‌విచెస్ ఇటు తేకండి. ఫ్రేమ్‌లో పడతారు."

మైదానంలో ఆనాటి లారీ. దాని మీద టార్పాలిన్ కప్పిన ఫిరంగి. పదకొండింటికి రిమోట్‌తో ఉత్తుత్తి గుండు పేల్చి వందనం చేస్తారు. లారీ ముఖం ఖాళీ పొలం వైపు. లారీ వెనక కుర్చీలు, ముందు వరుసలో కార్తికేయ. లారీ ఎటు చూస్తే ఫిరంగీ అటే చూస్తుందని సభ ఏర్పాటు చేసిన మేధావుల నమ్మకం.

"లారీని ఇలా ఎవరు తిప్పించారమ్మా?" అని పింకీని అడిగింది మంగతాయారు.

"నేనే. బ్యాక్‌గ్రౌండ్ బావుంటుందని."

మంగతాయారుకు డైరీలో చదివింది గుర్తొచ్చింది. ఎడారిలో ఆ దళం లారీలను రివర్స్‌లో శత్రువు మీదికి నడిపేది. ఫిరంగి లారీ వెనక భాగం మీదుగా పేలేది. వీళ్లు పారిపోతున్నారని శత్రువులు మొదట నవ్వారట. ఎనిమిది లారీల్లో రెండే తిరిగొచ్చిన రోజు గురించి ఒక గన్నర్ పెన్సిల్‌తో రాసుకున్నాడు.

ఆమె ఏప్రన్‌కి గుచ్చుకున్న బ్రూచ్‌లోని మైకులో గొణిగింది. "సర్, టీలో పంచదార తక్కువైంది."

ముందు వరుసలో ఫొటోకు నవ్వుతున్న చలపతి చెవిలోని రిసీవర్ సర్దుకున్నాడు. "అయితే వేసుకోండి, మంగతాయారు గారూ."

పది... తొమ్మిది... లెక్క మొదలైంది. పింకీ వేలు రిమోట్ మీద ఉంది.

మంగతాయారు ట్రే విసిరేసి టార్పాలిన్ కిందికి దూరింది. పక్కనున్న చక్రం తిప్పితే ఆ ఫిరంగి ఎటైనా తిరుగుతుంది. అదీ డైరీలోదే. చక్రం తుప్పు పట్టి మొరాయించింది. ఐదు... నాలుగు... ఏప్రన్ చుట్టి బలంగా లాగింది. గొట్టం కార్తికేయ ఛాతీని దాటి, చలపతి బొజ్జను దాటి, ఖాళీ పొలం వైపు తిరిగింది.

ఢాం!

అసలు గుండే. పొలంలో మట్టి తాడెత్తు లేచింది.

పరిగెత్తబోయిన పింకీ శాండ్‌విచ్ మీద కాలేసి జారింది. మంగతాయారు ఏప్రన్ జేబులోంచి బేడీలు తీసింది.

"నీకెలా తెలిసింది? అవెవరూ చదవరు కదా!"

"నువ్వు సగం చదివావు తల్లీ. పూర్తిగా చదివుంటే ఆ చక్రం ఊడబీకేదానివి."

చలపతి కుర్చీ కిందినుంచి లేచి కోటు దులుపుకున్నాడు. "ఇదంతా ముందే చెప్పాలి కదండీ! రిపోర్టు రాసివ్వండి."

మంగతాయారు కొత్త పుస్తకం ఒకటి ఆయన చేతిలో పెట్టింది.

"నూట నలభై మూడో పేజీ, సర్. మీ కోసం బొమ్మలు కూడా ఉన్నాయి."