మబ్బు వెనక నలభై సెకన్లు

“మీ బరువెంత?”

తాను పెళ్ళాడబోయే మనిషితో నాటకాల థియేటర్లోని తాళ్ళ మేస్త్రీ మాట్లాడిన మొదటి మాట ఇది.

“అదేం ప్రశ్నండీ? పరిచయం లేదు, పాడూ లేదు!”

“మిమ్మల్ని గాల్లోకి లేపేది నేనే. తాడు అవతలి కొసకి సరిగ్గా అంతే బరువు దిమ్మలు కట్టాలి.”

“యాభై రెండు,” అంది మంత్రగత్తె వేషానికి కొత్తగా వచ్చిన నటి, గోడకేసి చూస్తూ.

రిహార్సల్లో ఆమె జానెడెత్తు లేచి, అక్కడ కాసేపు ఆలోచించి, తిరిగి నేలమీదికి దిగింది. మేస్త్రీ మరో ఐదు కిలోల దిమ్మ తగిలించి, తాడు బిగుసుకుపోయిందని డైరెక్టరుకు చెప్పాడు. ఆ అబద్ధంతో ఆమెకు అతనిమీద కోపం పోయింది; గౌరవం రావడానికి మాత్రం మరో వారం పట్టింది.

ఆ సంగీత నాటకం ఆ థియేటర్లో పదకొండేళ్ళుగా ఆడుతోంది. దాన్ని సినిమావాళ్ళు కొనుక్కుని రెండు భాగాలు చేశారు. మొదటి భాగం ఎంత ఘనంగా ఆడిందంటే, పాత మంత్రగత్తె రెండో భాగంలో మంత్రగత్తె పెద్దమ్మ వేషం దొరికిందని సంబరంగా వెళ్ళిపోయింది. థియేటరు యాజమాన్యం “అచ్చం సినిమాలో లాగే!” అని తన నాటకానికే పోస్టరు వేసుకుంది. ప్రేక్షకులేమో విరామంలో టికెట్ కౌంటరుకు వచ్చి, సినిమాలో ఉన్న డ్రాగన్ ఏదని నిలదీసేవారు.

ఒక్క విషయంలో మాత్రం నాటకానిదే పైచేయి. రెండో అంకంలో మంత్రగత్తె ఎగిరి గుడ్డ మబ్బుల వెనక మాయమవుతుంది. కింద ఊరి జనం నలభై సెకన్లపాటు ఆమెను శపిస్తూ పాడతారు. ఆ నలభై సెకన్లూ ఆమె, మేస్త్రీ నిలబడే చెక్క అటకకు మూరెడు దూరంలో, అతనికి ఎదురుగా వేలాడుతూ ఉంటుంది. చూపు తిప్పుకుందామన్నా అక్కడ చూడటానికి వేరే ఏమీ లేదు.

మొదట్లో వాళ్ళు మబ్బులకు పట్టిన దుమ్ము గురించి మాట్లాడుకున్నారు.

“మీకు నవ్వడం రాదా మేస్త్రీగారూ?” అని అడిగింది ఒకరోజు.

“రెండు చేతుల్లోనూ మీరే ఉన్నారు. నవ్వితే పట్టు జారుతుంది.”

ఆరోజు కిందికి దిగాక ఆమెకు తన పాట మొదటి చరణం గుర్తురాలేదు.

మూణ్ణెల్లు గడిచాయి. సినిమా డైరెక్టరు నాటకం చూసి, ఆ ఎగరడానికి ముచ్చటపడి, రెండో భాగానికి రమ్మని మేస్త్రీని పిలిచాడు. మూడేళ్ళ కాంట్రాక్టు, శనివారం సాయంత్రం ఐదింటికల్లా జవాబు చెప్పాలి. వెళ్ళొద్దని ఆమె అంటుందని అతను ఎదురుచూశాడు. వెళ్ళనని అతనే అంటాడని ఆమె ఎదురుచూసింది.

“కంగ్రాట్స్ అండీ.”

“థాంక్సండీ.”

అలా ఇద్దరూ మహా ఉదారంగా ప్రవర్తించి, ఇద్దరూ నిద్ర పాడుచేసుకున్నారు.

ఆమె పిన్ని ఆ థియేటర్లోనే దుస్తులు కుడుతుంది. పళ్ళమధ్య గుండుసూదులు పెట్టుకునే అడిగింది: “ఏమే, కళ్ళు అలా ఉబ్బాయేం?”

“జలుబు పిన్నీ.”

“ఆ జలుబు మూడేళ్ళపాటు ఊరొదిలి వెళ్ళిపోతోందటగా?”

శనివారం మధ్యాహ్నం ఆట. మబ్బు వెనక్కి చేరగానే ఆమే అంది: “ఐదింటికల్లా చెప్పాలటగా.”

“పొద్దున్నే చెప్పేశాను.”

“ఏమని?”

“రానని.”

“బుద్ధుందా మీకు? మూడేళ్ళ కాంట్రాక్టు!”

“అక్కడ ఆకుపచ్చ గుడ్డ ముందు ఎగరేస్తారట. మబ్బులు తర్వాత కంప్యూటర్లో అతికిస్తారట. అంటే మబ్బు వెనక ఎవరూ ఉండరు.”

కింద ఊరి జనం ఆమె సర్వనాశనాన్ని కోరుతూ శ్రావ్యంగా పాడుతున్నారు.

“అర్థమయ్యేలా చెప్పండి. ఇంకా పన్నెండు సెకన్లున్నాయి.”

“మీరంటే ఇష్టం. పెళ్ళి చేసుకుందామా?”

“మూణ్ణెల్లుగా ఏం చేస్తున్నారు మరి?”

“తాడు పట్టుకున్నాను.”

ఆమె చెయ్యి చాచి అటక కమ్మీ గట్టిగా పట్టుకుంది. “చేసుకుందాం. కానీ నాకొక్క మాటైనా చెప్పకుండా అంత మంచి ఉద్యోగం వదిలేసినందుకు ముందు పోట్లాడాలి.”

“ఇప్పుడా? దిగాలండీ!”

“ఇప్పుడే. కింద వాళ్ళు మళ్ళీ పాడతార్లే.”

పాడారు. మంత్రగత్తె దిగకపోయేసరికి వాద్యబృందం పల్లవికి మళ్ళింది. జనం ఆమెను రెండోసారి శపించారు. మూడోసారి కాస్త నీరసంగా శపించారు. అప్పుడు గానీ పోట్లాట ఒక కొలిక్కి రాలేదు.

“సినిమాలో ఈ పాట ఒక్కసారే ఉంది,” అన్నాడు ముందు వరుసలో ఒక పెద్దమనిషి, తీవ్రంగా.

ఆమె దిగి, తన పాట ఒక్క అక్షరం తప్పకుండా పాడి, పక్క తెర చాటుకు వచ్చింది. పిన్ని ఆమె వేషం నల్లకోటు విప్పుతూ, “ఏం జరిగిందే పైన?” అంది.

“పెళ్ళి కుదిరింది పిన్నీ.”

పిన్ని గుండుసూదులన్నీ ఒక్కొక్కటే నోట్లోంచి తీసి, సూదుల దిండుకు గుచ్చి, అటక నిచ్చెన దగ్గరికి నడిచింది. ఇన్నేళ్ళుగా “ఒరే మేస్త్రీ” అని పిలిచిన గొంతు సవరించుకుని, పైకి చూసి అంది:

“అల్లుడుగారూ, ఆ తాడు కట్టేసి ఒకసారి కిందికి దయచేస్తారా?”