వరస తప్పిన కార్డులు

1982 జూలైలో ఆ రోజు ఆళ్లగడ్డలోని ఆ ఇంట్లో నలుగురున్నారు. వరండాలో పరీక్ష పేపర్లు దిద్దుతున్న ఏసయ్య సారు, వంటింట్లో ఆయన వదిన హన్నమ్మ, పెరటి స్నానాల గదిలో యాకోబు, నడింట్లో చెల్లాచెదురైన కార్డుల మధ్య సారు కూతురు లూదియా.

ఇరవై ఏళ్ల లూదియాకు ఏడుపొక్కటే తక్కువ. కిటికీలోంచి వాన జల్లు కొడుతోందని యాకోబు అట్టపెట్టె జరపబోయింది. అడుగు ఊడిపోయింది. పన్నెండు వందల కార్డులు!

యాకోబు ఒకప్పుడు సారు దగ్గర చదువుకున్నవాడే. ఇప్పుడు మద్రాసులో పరిశోధన. సారును చూసిపోదామని వచ్చాడు. కారు ఇంజన్ సిలిండర్ లోపల గాలి ఎట్లా సుడులు తిరుగుతుందో కంప్యూటర్‌తో లెక్క కట్టిస్తాడట. ఆ లెక్కంతా ఈ చిల్లుల కార్డుల్లోనే ఉంది. సాయంత్రం నంద్యాలలో రైలెక్కాలి. ఎల్లుండి కంప్యూటర్ దగ్గర అతని వంతు. తప్పితే మళ్లీ నెలకు గానీ రాదు.

గబగబా ఏరింది. ప్రతి కార్డుకూ ఒక మూల కత్తిరించి ఉంది. ఆ మూలలన్నీ ఒకే పక్కకు సర్ది, పెట్టెకు తాడు కట్టింది.

యాకోబు తల తుడుచుకుంటూ వచ్చాడు. "బాగా కట్టినావే!"

చెప్పకపోతే ఎవరికీ తెలీదు.

"అవి... కింద పడినాయి."

అతని ముఖం పాలిపోయింది. "వరసలోనే ఎత్తినావా?"

"కత్తిరించిన మూలలన్నీ ఒక పక్కకే పెట్టినా."

"మూలలు కాదు! ఒక్క కార్డు ముందెనకలైనా లెక్కంతా పాడే." నేల మీద కూలబడి తాడు విప్పాడు. "కొన కాడ నంబర్లుంటాయి. నువ్వు వందల వారీగా ఏరు, నేను వరస పెడతా. నంద్యాల బస్సుకు ఇంకా రెండు గంటలుండాది. మాట్లాడొద్దు."

కాసేపటికి అతనే మాట్లాడాడు. "దాపెట్టింటే నాకీడ తెలిసేది కాదు గదా?"

"దాపెట్టాలనే అనుకున్యా."

"మరి?"

"ఆడికి పోయినాక తెలిసిపోతాది. మళ్లా మీరు ఈ ఇంటికి రారేమో అని..."

నాలుక కరుచుకుంది. చేతిలోని కార్డు ముఖానికి అడ్డం పెట్టుకుంది. "ఇది ఏడొందల పన్నెండు."

"తలకిందులుగా పట్టుకున్యావ్," అన్నాడు యాకోబు మెల్లగా.

ఆఖరి కార్డు పెట్టగానే అతను లేచి నేరుగా వరండాలోకి నడిచాడు. "సార్, బస్సుకు ముందర ఒక మాట అడగల్ల. లూదియా సంగతి."

నాయన చేతిలో ఎర్ర పెన్ను ఆగింది. లూదియా గుమ్మం దాకా పరుగెత్తింది. హన్నమ్మ అడ్డమొచ్చింది.

"పెద్దమ్మా, నాయన ఏమంటాండాడు?"

"కుర్చీ యేసి కూచోమన్యాడు. ఇంక నువ్వీడ నిలబడి వింటే బాగుంటాదా? పో లోపలికి!"

నవ్వు దాచుకుంటూ పెద్దమ్మ ఆమె ముఖాన తలుపు వేసేసింది.