ఎనిమిదో బెడ్‌కు ఇన్సులిన్

"ఈసారి తుపాకీ పేలదు," అన్నాడు చీఫ్ అర్జునరావు. "ఫిరోజ్ పోర్టులో క్రేన్ ఆపరేటర్. విదేశీ ముఠా ఆయుధాలు దించిన కంటైనర్‌ని కళ్ళారా చూశాడు. మర్నాడే ఇనుపతాడు తెగి అతని కాలు విరిగింది. సోమవారం కోర్టులో సాక్ష్యం. అప్పటిదాకా ఆసుపత్రిలో బతికుండాలి. అతనిది ఎనిమిదో బెడ్, నీది ఏడు. లోపల మన మనిషి ధనశ్రీ, పరికరాల ఇంజనీరు. కోడ్: యారాడ కొండ మీద మబ్బు పట్టింది."

ఏజెంట్ సింహాద్రి తలకు కట్టుతో బెడ్ ఎక్కాడు. అనుమానం రాకుండా డిపార్ట్‌మెంటు అతనికో రోగం కూడా కంప్యూటర్లో ఎక్కించింది: మతి చలించింది, ఏవేవో మాట్లాడతాడు. అది చదివిన వార్డువాళ్ళు అతని చేతులు రెండూ బెడ్‌కి కట్టేశారు. ట్రాన్స్‌మిటర్ వాచీ బీరువాలోకి పోయింది.

మధ్యాహ్నం ధనశ్రీ వచ్చింది. చిలకాకుపచ్చ పట్టుచీర, ఖరీదైన సెంటు. షుగర్ మిషన్ పరీక్షిస్తున్నట్టు తొమ్మిదో బెడ్ ముసలాయన వేలు పొడిచింది.

ఆ వార్డులో రోగి చేతిపట్టీని ఎవరూ స్కాన్ చేయరు. దుప్పటి తీసి చెయ్యి వెతికే తీరికెక్కడిది? అందరి బార్‌కోడ్ కాపీలూ మందుల ట్రాలీకి అంటించేసి ఉంటాయి. ధనశ్రీ వాటిలో ఫిరోజ్‌ది స్కాన్ చేసింది. ముసలాయన షుగర్, నాలుగు వందల ఎనభై, ఫిరోజ్ పేరు మీద నమోదైంది. ఇన్సులిన్ ఆర్డర్ కంప్యూటరే వేసింది. షుగర్ లేని మనిషిని చంపడానికి ఆ డోసు చాలు.

"యారాడ కొండ మీద మబ్బు పట్టింది," అన్నాడు సింహాద్రి, ఆమె కళ్ళలోకి చూస్తూ.

ధనశ్రీ నర్సు సుధారాణి వైపు తిరిగింది. "పాపం, మళ్ళీ మొదలెట్టాడు."

అమ్ముడుపోయిందన్నమాట.

సుధారాణి సిరంజి నింపింది.

"సిస్టర్, ఆపండి! ఆ షుగర్ ఇతనిది కాదు. నేను గవర్నమెంటు ఏజెంట్‌ని!"

"అలాగే బావూ. నాను కలెక్టర్ని. పడుకో." ట్రాలీ మీది కాపీ స్కాన్ చేసింది. పచ్చ టిక్కు పడింది. "సూడు, సిస్టమే ఒప్పుకుంది. మధ్యన నీకేటి?"

సింహాద్రి కాలితో తన మానిటర్ వైరు పీకాడు. అలారం కూసింది. అక్కడ రోజంతా కూస్తూనే ఉంటుంది. ధనశ్రీ అటు చూడకుండానే దాని నోరు నొక్కేసింది. సూది సెలైన్ గొట్టంలోకి దిగింది.

"తల్లీ, నాకు మతి లేదు. నా మాట నమ్మకు," అన్నాడు సింహాద్రి మెల్లగా. "అతన్ని అడుగు. ఒక్కమాటు."

సుధారాణి విసుగ్గా ఫిరోజ్ భుజం కుదిపింది. "ఏటి, నీకు సుగరు ఎన్నాళ్ళ నుంచి?"

నొప్పి మందు మత్తులోంచి ఫిరోజ్ కళ్ళు తెరిచాడు. "సుగరా? నాకెక్కడిదక్కా? నిన్నటి నుంచి నన్నెవులూ పొడవనేదు. వేళ్ళు సూసుకో."

పది వేళ్ళు చాపాడు. ఎక్కడా సూది గుర్తు లేదు.

ఆమె బొటనవేలు సిరంజి మీదే ఆగిపోయింది. సూది బయటికి లాగింది.

ధనశ్రీ తలుపు వైపు ఉరికింది. సింహాద్రి కాళ్ళు ఎవరూ కట్టలేదు. అతను తన్నిన ట్రాలీ ఆమె మోకాళ్ళకు తగిలింది. పట్టుచీర చక్రంలో చిక్కుకుంది.

ఆ సాయంత్రం రిపోర్టులో "వాడిన పరికరం" అన్న గడి దగ్గర సింహాద్రి ఆగాడు. "రోగిని అడిగాం" అని టైప్ చేశాడు.

అలాంటి పరికరం జాబితాలో లేదంది కంప్యూటర్.